సర్వే కాగితం చెత్తబుట్టలో వేసే ముందు

పోయిన వారం లెస్టర్‌లోని మా ఇంటికి ఒక ఉత్తరం వచ్చింది. పంపింది జాతీయ గణాంకాల కార్యాలయం. మీ చిరునామా ఒక సర్వేకు ఎంపికైంది, మా మనిషి వచ్చి ఓ అరగంట మాట్లాడతారు అని అందులో సారాంశం. మా ఆవిడ దాన్ని పిజ్జా కరపత్రాలతో కలిపి రీసైక్లింగ్ డబ్బాలో వేయబోయింది. "మనకెందుకండీ ఇవన్నీ? మనింట్లో ఎంతమంది ఉంటే వాళ్లకెందుకు?" అంది. కొవిడ్‌కు ముందైతే నేనూ అదే మాట అనేవాణ్ణి. ఇప్పుడు మాత్రం ఆ కవరు తీసి ఫ్రిజ్‌ మీద మ్యాగ్నెట్ కింద పెట్టాను. ఎందుకు పెట్టానో చెప్పాలంటే 2021 జనవరి దాకా వెనక్కి వెళ్లాలి.

అప్పుడే ఇంగ్లండ్‌లో మూడో లాక్‌డౌన్ మొదలైంది. మా ఊళ్లో తెలుగువాళ్లం కొంతమందిమి కలిసి వాట్సాప్‌లో ఒక సహాయ బృందం పెట్టుకున్నాం. మందులు తెచ్చిపెట్టడం, సరుకులు గుమ్మం ముందు పెట్టి రావడం, ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకు ఫోన్ చేసి "మీవాడు బాగానే ఉన్నాడండీ" అని చెప్పడం మా పని. ఒక రాత్రి ఖమ్మం వైపు నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చిన కుర్రాడు ఫోన్ చేశాడు. ఒకే ఇంట్లో ఆరుగురు అద్దెకుంటున్నారు. ఒకరికి పాజిటివ్ వచ్చింది. మిగిలినవాళ్లంతా పది రోజులు గడప దాటకూడదని టెస్ట్ అండ్ ట్రేస్ వాళ్లు ఫోన్‌లో చెప్పారు. ఇతనికి ఆ రాత్రి వేర్‌హౌస్‌లో షిఫ్టు ఉంది.

"అన్నా, నాకు ఒంట్లో బాగానే ఉంది. ఇవాళ పోకపోతే ఏజెన్సీవాళ్లు వచ్చేవారం కూడా షిఫ్టులియ్యరు. ఒకటో తారీఖు అద్దె కట్టాలె" అన్నాడు.

నేను తిట్టాను. చదువుకున్నవాడివి, నీకు తెలియదా అన్నాను. నీవల్ల ఎవరింట్లోనో ముసలివాళ్లు పోతే ఎవరిది పాపం అన్నాను. పట్టుబడితే జరిమానా వెయ్యి పౌండ్ల నుంచి మొదలవుతుందని బెదిరించాను కూడా. "సరే అన్నా" అని పెట్టేశాడు. ఆ రాత్రి షిఫ్టుకు వెళ్లాడని తర్వాత తెలిసింది. అంతకన్నా నన్ను ఇప్పటికీ బాధించేది ఇంకొకటి ఉంది. ఆ ఇంట్లోవాళ్లెవరూ మళ్లీ మా బృందానికి ఫోన్ చేయలేదు. వారం తిరగకుండా వాళ్లలో ఒకడికి ఊపిరాడని పరిస్థితి వస్తే తామే అంబులెన్స్ పిలుచుకున్నారు. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు. మాకు ఆ సంగతి తెలిసింది అతను ఇంటికి చేరాకే. మాకెందుకు చెప్పలేదని అడిగితే, "మళ్లీ తిట్లు పడతాయని" అన్నాడట.

ఆ మార్చి నెలాఖరున బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. మా బృందంలో జీపీగా చేసే డాక్టరుగారొకరు దాన్ని గ్రూపులో పెట్టారు. 2020 మార్చి నుంచి 2021 జనవరి దాకా బ్రిటన్‌లో 53 వేల మందికి పైగా జనాన్ని విడతలవారీగా అడిగి రాసిన వ్యాసం అది. దగ్గు, జ్వరం, వాసన పోవడం లాంటి లక్షణాలు ఉన్నవాళ్లలో నియమం ప్రకారం పూర్తిగా ఇంట్లోనే ఉన్నవాళ్లు నూటికి 43 మందికి మించలేదు. పరీక్షకు అడిగినవాళ్లు 18 మందే. ఇంట్లో ఉండాలని అనుకున్నవాళ్లు మాత్రం అంతకన్నా చాలా ఎక్కువ. అనుకున్నదానికీ చేసినదానికీ మధ్య ఉన్న ఆ గుంతలో ఎవరు పడుతున్నారని పరిశోధకులు చూశారు. వయసులో చిన్నవాళ్లు, మగవాళ్లు, ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు, చేతిలో డబ్బాడనివాళ్లు, ఇంట్లో కూర్చుంటే జరగని పనులు చేసేవాళ్లు. లక్షణాలేవో సరిగా చెప్పలేనివాళ్లూ సగానికి సగం ఉన్నారు కాబట్టి తెలియకపోవడం కూడా ఒక కారణమే. కానీ మా ఖమ్మం కుర్రాడి విషయంలో తెలియకపోవడం లేదు. నియమం అతనికి నాకన్నా బాగా తెలుసు. వారానికి 20 గంటలు, గంటకు 8 పౌండ్ల 20 పెన్నీలు. లెక్కేస్తే 164 పౌండ్లు. అతని జీవితమంతా ఆ లెక్కలోనే ఉంది. నేను వేయనిది ఆ లెక్కే.

సామాజిక శాస్త్రం అంటే మన ఇళ్లలో ఉన్న చులకన సంగతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ దొరకనివాడు సీఈసీకి, అదీ దొరకనివాడు హెచ్‌ఈసీకి అన్నది మన తరం వర్ణవ్యవస్థ. మా పెద్దమ్మ కొడుకు సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తానంటే ఇంట్లో ఎవరో పోయినట్టు మూడు రోజులు వంట సరిగా చేయలేదు. అందుకే కరోనా వచ్చినప్పుడు మనమంతా వైరస్‌ గురించి, వ్యాక్సిన్‌ గురించి, ఆర్ నంబరు గురించి చదివాం. ఆ ఆర్ నంబరులో సగం వైరస్‌ గుణమైతే మిగతా సగం మన గుణమని, ఎవరు ఎవరిని ఎన్నిసార్లు కలుస్తారు, ఎందుకు కలవకుండా ఉండలేరు అన్నదే దాన్ని నిర్ణయిస్తుందని పట్టించుకోలేదు. మైక్రోస్కోపుతో చూస్తే కనపడేది కాదది. మనుషుల్ని అడగాలి.

బ్రిటన్ ప్రభుత్వం అడగలేదని అనను. శాస్త్ర సలహా బృందం సేజ్ కింద ప్రవర్తనా శాస్త్రవేత్తల ఉపసంఘం ఒకటి ఉండేది, దాని పేరు స్పై-బి. మనస్తత్వ శాస్త్రవేత్తలు, ఆరోగ్య ప్రచారం మీద పనిచేసినవాళ్లు, జనసమూహాల మీద పరిశోధన చేసినవాళ్లు అందులో ఉన్నారు. లండన్‌లోని సుసాన్ మికీ, సెయింట్ ఆండ్రూస్‌లోని స్టీఫెన్ రైకర్ లాంటివాళ్లు టీవీల్లో కూడా తరచూ కనిపించారు. అయితే సలహాదారుల బల్ల ఒకటి వేయడం వేరు, ఆ బల్ల మీద చెప్పింది వినడం వేరు. 2020 మార్చి మొదట్లో ఆంక్షలు మరీ ముందుగా పెడితే జనం అలసిపోతారని, కాబట్టి సమయం చూసి పెట్టాలని అధికారులు చెప్పారు. ఇదేదో సైన్సు చెప్పిన మాటేనని మేమంతా అనుకున్నాం. తీరా చూస్తే ఆ 'అలసట' మాట మేమివ్వలేదని స్పై-బి సభ్యులే అన్నారు. ఆరు వందల మందికి పైగా ప్రవర్తనా శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాసి, దీనికి ఆధారం ఏమిటో చూపించమని అడిగారు. మార్చి 23న లాక్‌డౌన్ వచ్చింది. జనం అలసిపోలేదు. ఆ మొదటి నెలల్లో ఈ దేశం నియమాలు పాటించిన తీరు చూసి ప్రభుత్వమే ఆశ్చర్యపోయింది.

సామాజిక శాస్త్రం పేరు చెప్పి ఎవరో తమ ఊహను అమ్ముకుంటే దాన్ని పట్టుకోగలిగింది కూడా సామాజిక శాస్త్రవేత్తలే. ఆ విషయం నాకు నచ్చింది.

ఇక అన్నిటికన్నా పెద్ద సంగతికి వస్తాను. 2020 ఏప్రిల్ నాటికి ఆస్పత్రుల్లో పనిచేసే మనవాళ్ల గుండెల్లో ఒక భయం మొదలైంది. గుంటూరు, కర్నూలు, కాకినాడ, ఉస్మానియా, కాకతీయ మెడికల్ కాలేజీల నుంచి వచ్చి ఎన్‌హెచ్‌ఎస్‌లో చేస్తున్న తెలుగు డాక్టర్లు ఎంతమందో మీకు తెలుసు. కరోనాతో మొదట చనిపోయిన పది మంది డాక్టర్లూ ఆసియా, ఆఫ్రికా మూలాలవాళ్లేనని బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ ఎత్తిచూపింది. ఇది యాదృచ్ఛికమా, నిజంగా ఏదైనా ఉందా? చెప్పడం అనుకున్నంత తేలిక కాదు. ఎందుకంటే అప్పట్లో ఇంగ్లండ్‌లో మరణ ధ్రువీకరణ పత్రం మీద జాతి అన్న గడి ఉండేది కాదు. ఎవరు పోయారో తెలిసేది. వాళ్లు ఏ సముదాయమో ఆ కాగితం చెప్పేది కాదు.

గణాంకాల కార్యాలయం ఏం చేసిందంటే, ఆ మరణాల జాబితాను 2011 జనాభా లెక్కలతో కలిపి చూసింది. తొమ్మిదేళ్ల కిందట ఒక ఆదివారం ఎవరో తమ వంటింటి బల్ల మీద కూర్చుని నింపిన ఫారం, వాళ్లు పోయాక సాక్ష్యం చెప్పింది. 2020 మే 7న ఫలితం వచ్చింది. నల్లజాతి మగవాళ్లు కొవిడ్‌తో చనిపోయే అవకాశం, వయసు తేడా తీసేసి చూస్తే, తెల్లవాళ్ల కన్నా 4.2 రెట్లు ఎక్కువ. ఇల్లు, ఉపాధి, ఉంటున్న ప్రాంతం, ఆరోగ్యం లాంటి తేడాలు కూడా తీసేసినా 1.9 రెట్లు. బంగ్లాదేశీ, పాకిస్తానీ మగవాళ్లకు 1.8 రెట్లు. భారతీయులకూ ముప్పు ఎక్కువే. ఆ రెండు అంకెల మధ్య తేడాను చూడండి. 4.2 నుంచి 1.9కి తగ్గిందంటే ముప్పులో పెద్ద భాగం రక్తంలో లేదు, బతుకుతున్న తీరులో ఉంది. ఏ ఇంట్లో ఉంటున్నారు, ఏ ఉద్యోగం చేస్తున్నారు, ఏ బస్సెక్కుతున్నారు అన్నదాంట్లో ఉంది. ఈ ఒక్క లెక్క రాకపోయి ఉంటే 'మీ జన్యువులే అంత' అన్న మాటతో కథ ముగిసేది. నిజానికి ఆ మాట అనడానికి చాలామంది సిద్ధంగా ఉన్నారు, మనవాళ్లతో సహా.

ఆ లెక్క విధానంలోకి ఎలా వెళ్లిందో నేను దగ్గరగా చూశాను. ఏప్రిల్ చివర్లోనే ముప్పు ఎక్కువున్న సిబ్బందికి రిస్కు అంచనా వేయమని ఎన్‌హెచ్‌ఎస్ తన సంస్థలకు రాసింది. మా వీధిలోనే ఉండే ఒక నర్సమ్మను, గుంటూరు ఆవిడే, ఆ అంచనా తర్వాత కొవిడ్ వార్డు నుంచి మార్చారు. జూన్‌లో పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ రెండు నివేదికలు ఇచ్చింది. మొదటిదాంట్లో అంకెలు ఉన్నాయి, కానీ ఏం చేయాలో లేదు. రెండోదాని కోసం సుమారు 4 వేల మందితో మాట్లాడారు. గుడులు, మసీదులు, చర్చిల పెద్దలతో, సంఘాలతో, ఉద్యోగులతో. రక్షణ సామగ్రి అడగడానికి, వద్దని చెప్పడానికి భయపడిన సిబ్బంది మాటలు ఆ రెండోదాంట్లోనే ఉన్నాయి. సిఫార్సులూ ఉన్నాయి. ముందు దాన్ని బయటపెట్టకపోవడం మీద పెద్ద రగడే జరిగింది. పరిశోధన చేయించుకోవడం, దాన్ని సొరుగులో పెట్టడం, ఒత్తిడి వస్తే బయటికి తీయడం. ఈ క్రమం ఆ రెండేళ్లలో చాలాసార్లు చూశాం.

ఇక్కడ నేను మిమ్మల్ని ఒక్క నిమిషం ఆపాలి. ఆ మే 7 లెక్క 2011 జనాభా లెక్కల్లో ఉన్నవాళ్ల మీద వేసింది. అంటే 2011 మార్చి తర్వాత ఈ దేశానికి వచ్చినవాళ్లెవరూ అందులో లేరు. బ్రిటన్‌లోని తెలుగువాళ్లలో ఆ తర్వాత వచ్చినవాళ్లు ఎంతమంది? నేను 2006లో వచ్చాను కాబట్టి ఉన్నాను. మా వీధి చివర తెలుగు ఇళ్లు నాలుగుంటే మూడు లేవు. ఖమ్మం కుర్రాడు లేడు. వాళ్లు చనిపోయి ఉంటే దేశం మొత్తం మరణాల్లో ఒకరయ్యేవాళ్లు, ఎందుకు పోయారో చెప్పే లెక్కలో మాత్రం ఉండేవాళ్లు కాదు.

లెస్టర్ సంగతి కూడా చెప్పాలి. 2020 జూన్ 29 రాత్రి మా ఊరికి ప్రత్యేక లాక్‌డౌన్ ప్రకటించారు. జూలై 4న దేశమంతా పబ్బులు తెరుచుకుంటుంటే మేం మూతబడ్డాం. ఏ పేటలో కేసులు ఎక్కువో చెప్పే వివరాలు మాకు సకాలంలో ఇవ్వలేదని మేయరు మొత్తుకున్నాడు. ఆ వారం టీవీల నిండా మేమే. వీళ్లవి పెద్ద కుటుంబాలు, వీళ్లకు ఇంగ్లీషు రాదు, వీళ్లు గుంపులుగా ఉంటారు. మా అత్తయ్య అప్పుడు మాతోనే ఉంది, విమానాలు లేక ఇండియా వెళ్లలేక ఇరుక్కుపోయింది. సోఫాలో కూర్చుని ఆ వార్తలు చూస్తూ, "నేనిక్కడ ఉండటం తప్పేమో బాబూ" అంది. ఆ మాటకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

తర్వాత దొరికింది. మూడు తరాలు ఒకే ఇంట్లో ఉండటం వల్ల పెద్దవాళ్లకు ముప్పు కొంత పెరిగిన మాట నిజమేనని పరిశోధకులు చూపించారు. కానీ దక్షిణాసియా సముదాయాలకు వచ్చిన అదనపు ముప్పులో అది వివరించగలిగింది కొంత భాగాన్నే, అదీ ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్ల విషయంలో. మిగతాది? లెస్టర్ వరకు ఒక జవాబు అప్పటికి ఐదేళ్లుగా అలమారలో ఉంది. ఇక్కడి కుట్టు ఫ్యాక్టరీల్లో చాలామందికి కనీస వేతనం కన్నా బాగా తక్కువగా, గంటకు 3 పౌండ్ల చొప్పున ఇస్తున్నారని లెస్టర్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లోనే రాశారు. గంటకు 3 పౌండ్లకు పనిచేసేవాళ్లు దగ్గొస్తే సెలవు పెడతారా? ఆ నివేదికను అప్పుడే పట్టించుకుని ఉంటే మా అత్తయ్య ఆ సోఫాలో ఆ మాట అనాల్సి వచ్చేది కాదేమో.

ఇప్పుడు డబ్బు సంగతి. చట్టబద్ధమైన సిక్ పే 2020లో వారానికి 95 పౌండ్ల 85 పెన్నీలు. దాంతో బతకలేక జనం పనికి వెళ్తారని పరిశోధకులు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు. 2020 సెప్టెంబర్ 28న ప్రభుత్వం రెండు పనులు ఒకేరోజు చేసింది. ఐసొలేషన్ తప్పితే 10 వేల పౌండ్ల దాకా జరిమానా, పాటిస్తే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు 500 పౌండ్ల సాయం. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ 500 రావాలంటే యూనివర్సల్ క్రెడిట్ లాంటి సర్కారు సాయం ముందే తీసుకుంటూ ఉండాలి. స్టూడెంట్, వర్క్ వీసాలవాళ్ల కార్డు మీద అప్పట్లో ఏముండేదో మనకు తెలుసు, ప్రభుత్వ నిధులకు అర్హత లేదని. మిగిలినవాళ్ల కోసం కౌన్సిళ్ల దగ్గర విచక్షణతో ఇచ్చే సాయం ఒకటుండేది. దాని సంగతి ఎందరికి తెలుసు? తెలిసినా, అడిగితే రేపు వీసా పొడిగింపులో అడ్డం తగులుతుందేమోనన్న భయం. ఆ నవంబర్‌లో లివర్‌పూల్‌లో ఊరందరికీ పరీక్షలు పెడితే, పేద పేటల్లోనే కేసులు ఎక్కువ, అక్కడే పరీక్షకు వచ్చినవాళ్లు తక్కువ. పాజిటివ్ వస్తే రోజు కూలి పోతుందన్న భయం అందులో ఒక కారణమని తేలింది. టెస్ట్ అండ్ ట్రేస్‌కు రెండేళ్లకు కేటాయించింది 37 బిలియన్ పౌండ్లు. పరీక్ష చేయడానికి డబ్బుంది, ఫోన్ చేయడానికి డబ్బుంది. ఇంట్లో కూర్చోబెట్టడానికి పెట్టింది అందులో చిల్లర. వైరస్ ఆగేది మాత్రం మనిషి ఇంట్లో కూర్చున్నప్పుడే.

నా అభిప్రాయం అడిగితే ఈ మహమ్మారిలో సామాజిక పరిశోధన అత్యంత స్పష్టంగా చెప్పిన మాట అదే, ప్రభుత్వం అత్యంత తక్కువగా విన్న మాటా అదే.

విన్నచోట ఏం జరుగుతుందో పశ్చిమ ఆఫ్రికా చూపించింది. 2014లో గినీ, సియెర్రా లియోన్, లైబీరియాల్లో ఎబోలా చెలరేగింది. 11 వేల మందికి పైగా పోయారు. చనిపోయినవాళ్ల ఒంటి నుంచి రోగం అంటుకునేది. శవాన్ని కడగడం, ముట్టుకుని సాగనంపడం అక్కడి ఆచారం. మొదట్లో తెల్ల సూట్లు వేసుకున్నవాళ్లు వచ్చి శవాన్ని సంచిలో కట్టి తీసుకుపోయేవారు. ఇంటివాళ్లకు ఎక్కడ పూడ్చారో కూడా తెలిసేది కాదు. జనం రోగుల్ని దాచడం మొదలుపెట్టారు. రాత్రిపూట రహస్యంగా ఖననాలు చేశారు. గినీలోని వోమే అనే గ్రామంలో ప్రచారానికి వెళ్లిన బృందంలో 8 మందిని చంపేశారు. మూర్ఖులు, అజ్ఞానులు అని బయటి ప్రపంచం అంది. మానవ శాస్త్రవేత్తలు వెళ్లి కూర్చుని అడిగితే తెలిసిందేమిటంటే, సరైన అంత్యక్రియ జరగకపోతే పోయినవాళ్లు ఆత్మల లోకం చేరరని, ఆ దోషం ఊరికి తగులుతుందని వాళ్ల నమ్మకం. దాని మీద బేరమాడొచ్చు, దాన్ని తుడిచేయలేం. ఆ ఏడాది చివరికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఖననం పద్ధతిని తిరగరాసింది. కుటుంబం చూస్తుండగా, ప్రార్థన జరిగాక, సమాధి ఎక్కడో వాళ్లకు తెలిసేలా, ముట్టుకోకుండా. సురక్షితంతో పాటు 'గౌరవప్రదమైన' అన్న మాట ఆ పత్రం పేరులోనే చేరింది. 2020, 2021లలో మనవాళ్లు ఎంతమంది అమ్మానాన్నల దహన సంస్కారాలు ఫోన్ తెర మీద చూశారో తలచుకుంటే, ఆ ఒక్క మాట బరువెంతో ఆఫ్రికావాళ్లు మనకు వివరించనక్కర్లేదు.

మన దేశం కూడా దీనికి అతీతం కాదు. 2016-17 ఆర్థిక సర్వే రైల్వే ప్రయాణికుల లెక్కల నుంచి ఏటా సుమారు 90 లక్షల మంది పని కోసం రాష్ట్రాలు దాటుతున్నారని అంచనా కట్టింది. ఢిల్లీలో, ప్రభుత్వం తానే అచ్చేసిన పుస్తకం అది. 2020 మార్చి 24 రాత్రి నాలుగు గంటల వ్యవధిలో దేశాన్ని మూసినప్పుడు ఆ పుస్తకాన్ని తెరిచినవాళ్లు ఉన్నట్టు కనపడదు. మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు వేలమంది గుజరాత్‌లోని వెరావల్‌ రేవులో పడవల మీదే వారాల తరబడి ఉండిపోయి, చివరికి బస్సుల్లో ఇల్లు చేరారు. ఏటా వాళ్లు అక్కడికి వెళ్తారని ఉత్తరాంధ్రలో పసిపిల్లవాడికైనా తెలుసు.

ఇదంతా చదివి మీలో కొందరు అంటారు, పరిశోధన చేసినా వినడం లేదని నువ్వే రాశావు, మరి మేం ఆ కాగితాలు నింపి ఏం లాభమని. సబబైన ప్రశ్నే. నా జవాబు కొంచెం స్వార్థంతో కూడుకున్నది. వినని ప్రభుత్వాన్ని నిలదీయడానికైనా చేతిలో కాగితం ఉండాలి. 2020 మేలో ఆ అంకెలు లేకపోతే మా వీధి నర్సమ్మ ఎవరిని ఏమని అడిగేది? 2020 చివర్లో వ్యాక్సిన్ వేయించుకుంటారా అని ఒక పెద్ద కుటుంబ సర్వేలో అడిగితే మొత్తమ్మీద నూటికి 82 మంది సరేనన్నారు, నల్లజాతివాళ్లలో 72 శాతం అనుమానమే అన్నారు, పాకిస్తానీ, బంగ్లాదేశీ సముదాయాల్లో 42 శాతం వెనకాడారు. ఆ తేడా కనపడ్డాకే వ్యాక్సిన్ కేంద్రాలు మసీదులకు, గుడులకు వచ్చాయి, ఆయా భాషల డాక్టర్లు వీడియోల్లో మాట్లాడారు. తెలుగువాళ్ల సంగతి? ఎవరికీ తెలియదు. మనం 'ఇండియన్' అన్న గడిలో పంజాబీలతో, గుజరాతీలతో కలిసిపోయాం. మా బృందం చేతికొచ్చిన కరపత్రాలు అరడజను భాషల్లో ఉన్నాయి, వాటిలో తెలుగు లేదు. నిజం చెప్పాలంటే మనలో చాలామందికి ఇంగ్లీషు చదవడం వచ్చు కాబట్టి కరపత్రం పెద్ద లోటు కాదు. అత్తయ్యలాంటి వాళ్లకు మేమే చదివిపెట్టాం. లోటల్లా, ఆరుగురు కుర్రాళ్లు ఒక ఇంట్లో ఉండి వేర్‌హౌస్‌ షిఫ్టుల మీద ఫీజులు కట్టుకునే ఒక జీవితం ఈ దేశంలో ఉందని ఏ కమిటీ గదిలోనూ ఎవరికీ తట్టకపోవడం. ఆన్‌లైన్ సర్వేలు వాళ్లకు చేరవు. ఉత్తరాలు పాత అద్దెదారు పేరు మీద వచ్చి గుమ్మంలోనే ఉండిపోతాయి. సగంమంది జీపీ దగ్గర పేరు కూడా నమోదు చేసుకోరు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడగడానికి ముందు ఉన్నామని చెప్పాలి.

భయం ఉందని తెలుసు. మన వివరాలు హోమ్ ఆఫీసుకు పోతాయేమోనని ఈ మధ్య కూడా ఒకాయన నన్నడిగారు. గణాంకాల కార్యాలయానికి మనం చెప్పిన వ్యక్తిగత వివరాలు బయటపెట్టడం 2007 చట్టం కింద నేరం. జనాభా లెక్కల ఫారాలైతే వందేళ్ల దాకా ఎవరికీ చూపించరు. నాకు ప్రభుత్వాల మీద మరీ అంత నమ్మకమేమీ లేదు, పైన రాసిందంతా చదివితే తెలుస్తూనే ఉంటుంది. అయినా ఈ విషయంలో ఆ కార్యాలయాన్ని నేను నమ్ముతాను. ఆ కార్యాలయానికి మనతో ఉన్న అవసరం కూడా చిన్నది కాదు. ఉద్యోగాల లెక్కలు తేల్చే వాళ్ల ప్రధాన సర్వేకు పదేళ్ల కిందట దాదాపు సగంమంది జవాబిచ్చేవారు. 2023లో అది 17 శాతానికి పడిపోయి, కొన్నాళ్లు ఆ అంకెలు ప్రకటించడమే ఆపేశారు. అంటే ఈ దేశంలో ఎంతమందికి పని ఉందో ఈ దేశానికే సరిగా తెలియని పరిస్థితి. రేపు ఇంకో మహమ్మారి వస్తే ఆ ఖాళీలోనే విధానాలు రాస్తారు. 2021 మార్చి 21న జనాభా లెక్కలు జరిగినప్పుడు ప్రధాన భాష దగ్గర 'తెలుగు' అని రాయమని మా బృందంలో ఫోన్లు చేశాం. కొందరు రాశారు, కొందరు అన్నీ ఇంగ్లీషనే పెట్టేశారు, సులువని. 2031లో మళ్లీ వస్తుంది.

ఖమ్మం కుర్రాడు ఇప్పుడు మిల్టన్ కీన్స్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పెళ్లయింది, పాప కూడా. ఉగాది కార్యక్రమంలో పచ్చడి గిన్నె దగ్గర ఎదురుపడితే ఆ రాత్రి సంగతి నేనే ఎత్తాను, తప్పు నాదని చెప్పాను. నవ్వేశాడు. "పోనీ అన్నా. కౌన్సిల్లో పైసలు ఇస్తారని ఆ రోజు నువ్వన్నా చెప్పలేదు కదా" అన్నాడు. నాకూ అప్పుడు తెలియదని చెప్పాను.

ఫ్రిజ్ మీది ఉత్తరంలో ఉన్న నంబరుకు మొన్న ఫోన్ చేశాను. శనివారం ఉదయం 11 గంటలకు వస్తామన్నారు. వచ్చేవాళ్లకు ఫిల్టర్ కాఫీ ఇవ్వాలా, ఇన్‌స్టంట్ చాలా అని మా ఆవిడ అడుగుతోంది.